సరిహద్దు దాటే లారీ సరుకు: కస్టమ్స్ అనుమతి లభించే చోటు

ఖరగ్‌పూర్ అనగానే మనవారికి రైల్వే వర్క్‌షాపు, కిలోమీటరుకు మించి సాగే ప్లాట్‌ఫారం గుర్తుకు వస్తాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో ఉత్తరాంధ్ర జిల్లాల నుండి పనికి వచ్చిన కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ స్థిరపడి ఉన్నాయి. అయితే రైలు మాటున పడి ఈ పట్టణానికి ఉన్న మరొక ప్రాముఖ్యం అంతగా గుర్తింపునకు రాలేదు. చెన్నై నుండి విజయవాడ, విశాఖపట్నం, భువనేశ్వర్, బాలేశ్వర్ మీదుగా తీరం వెంబడి వచ్చే 16వ నెంబరు జాతీయ రహదారి, ఛత్తీస్‌గఢ్ వైపు నుండి వచ్చే 49వ నెంబరు రహదారితో ఇక్కడ కలిసి కోల్‌కతా దిక్కుగా సాగుతుంది. ఆంధ్ర ప్రాంతం నుండి బెంగాల్‌కు రోడ్డు మీద వెళ్ళే సరుకులో అధిక భాగం ఈ పట్టణపు అంచును తాకి పోవలసినదే.

ఆ రహదారి పక్కన ఒక ఉదయం నిలబడి చూసిన పాఠకునికి రెండు లారీలు ఒకదాని వెనుక ఒకటి కనిపించవచ్చు. ఒకదానిలో మంచుపెట్టెలలో పేర్చిన పశ్చిమ గోదావరి చెరువుల చేపలు ఉంటాయి. రెండవదానిలో టార్పాలిన్ పట్టా కింద గుంటూరు మిర్చి టిక్కీలు ఉంటాయి. మొదటి లారీ హౌరా చేపల బజారుకు చేరగానే దాని పని ముగుస్తుంది. రెండవది హౌరాను దాటి, బారాసత్ మీదుగా జెస్సోర్ రోడ్డు పట్టి, బన్‌గావ్ అవతల ఉన్న పెట్రాపోల్‌కు చేరి, అక్కడి నుండి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు పోవలసి ఉంటుంది. వెయ్యి కిలోమీటర్లకు పైగా రెండు లారీలకూ దారి ఒకటే, డీజిలు ఖర్చు ఒకటే, డ్రైవర్ల అలసట ఒకటే. కాని రెండవ లారీకి చివరి కొద్ది వందల గజాలు అంతకుముందు చేసిన ప్రయాణం మొత్తం కంటె ఎక్కువ కాలం తీసుకొనవచ్చును. ఆ కొద్ది గజాలలో ఏమి జరుగుతుంది, ఎక్కడ జరుగుతుంది, దానికీ మనం ఇచ్చే, తీసుకొనే అప్పులకూ సంబంధమేమిటి అన్నదే ఈ పాఠంలోని విషయం.

మిర్చి రైతులు, శీతల గిడ్డంగి రసీదుపై అప్పు తీసుకొన్న వ్యాపారులు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, వాయిదాల మీద లారీలు కొన్న రవాణాదారులు, వీరిలో ఎవరు కస్టమ్స్ కాగితం చూసినా చూడకపోయినా, ఆ కాగితం మీద వేసిన తేదీ వారి ఖాతాలో పడే సొమ్మును నిర్ణయిస్తుంది.

చట్టం ఏమంటుంది?

సరిహద్దు అంటే ఒక గీత అనీ, గీత దాటితే ఎగుమతి జరిగినట్లే అనీ చాలామంది అనుకుంటారు. కస్టమ్స్ చట్టం అలా చూడదు. 1962 నాటి కస్టమ్స్ చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం, భూమార్గాన వచ్చే, పోయే సరుకుకు అనుమతి ఇచ్చే స్థలాలను ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నియమిస్తుంది. వీటినే ల్యాండ్ కస్టమ్స్ స్టేషన్లు అంటారు. చట్టంలో ‘ఈ స్థలాలు మాత్రమే’ అన్న భావం స్పష్టంగా ఉన్నది. అంతేకాదు, అదే సెక్షన్ కింద సరుకు ఏ దారిన ఆ స్టేషన్‌కు చేరి సరిహద్దు దాటాలో ఆ దారిని కూడా నోటిఫై చేస్తారు. స్థలం, దారి రెండూ ముందుగా రాసిపెట్టినవే. 1994 నవంబరు 21న వెలువడిన 63వ నెంబరు కస్టమ్స్ నోటిఫికేషన్‌లో దేశంలోని ఇటువంటి స్టేషన్లు, వాటికి సంబంధించిన దారులు పట్టికగా ఉన్నాయి. తరువాత దానికి ఎన్నో సవరణలు వచ్చాయి.

నోటిఫై చేయని దారిన సరుకును దాటించ ప్రయత్నిస్తే 113వ సెక్షన్ కింద ఆ సరుకు జప్తుకు లోనవుతుంది. సరుకు మంచిదే కావచ్చు, ఎగుమతికి ఏ నిషేధమూ లేకపోవచ్చు, దారి తప్పితే చాలు. కనుక ‘ఫలానా చోట రద్దీ ఉన్నది, పక్క ఊరి మీదుగా పంపుదాము’ అనే సలహా ఎవరైనా ఇస్తే, ఆ పక్క ఊరు పట్టికలో ఉన్నదో లేదో మొదట విచారించవలెను.

పశ్చిమ బెంగాల్‌లో ఇటువంటి స్టేషన్లు పలుచోట్ల ఉన్నాయి. పెట్రాపోల్‌కు ఎదురుగా బంగ్లాదేశ్ వైపు బేనాపోల్ ఉన్నది. ఘోజాడాంగాకు ఎదురుగా భోమ్రా, మాల్దా జిల్లా మహదీపూర్‌కు ఎదురుగా సోనా మసీదు, ఉత్తరాన చంగ్రాబాంధాకు ఎదురుగా బురిమారి, ఫుల్‌బారీకి ఎదురుగా బంగ్లాబాంధా ఉన్నాయి. నేపాల్‌కు పానీటంకీ, భూటాన్‌కు జైగావ్ వేరుగా ఉన్నాయి. వీటన్నింటిలో పెట్రాపోల్ పెద్దది. కోల్‌కతాకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ స్థలంలో 2016లో సమీకృత చెక్‌పోస్టు ప్రారంభమైంది. 2010 నాటి చట్టం కింద 2012లో ఏర్పడిన భారత భూ ఓడరేవుల ప్రాధికార సంస్థ దీనిని నిర్వహిస్తుంది. భూమి మీద ఓడరేవు ఏమిటని నవ్వు రావచ్చు. కాని పోలిక సరైనదే. గోడౌను, కాటా, పార్కింగు, బ్యాంకు, తనిఖీ, కాపలా అన్నీ ఒకే ఆవరణలో ఉండడమే దాని ఉద్దేశం. సంస్థ ఇచ్చేది స్థలం, వసతి. అనుమతి ఇచ్చేది మాత్రం కస్టమ్స్ అధికారి. ఈ రెండింటినీ కలిపివేసుకొని ఒకరిని అడగవలసిన ప్రశ్న మరొకరిని అడిగి తిరిగేవారు చాలామంది.

ఖరగ్‌పూర్‌లో ఈ అనుమతి పొందలేమా అని ఇక్కడి రవాణాదారులు తరచు అడుగుతారు. బంగ్లాదేశ్‌కు పోయే మిర్చి లారీకి పొందలేము. కాగితాన్ని కంప్యూటరు ద్వారా ఎక్కడి నుండి అయినా దాఖలు చేయవచ్చు. గుంటూరులో కూర్చున్న ఎగుమతిదారు కోల్‌కతాలోని కస్టమ్స్ బ్రోకరు ద్వారా ఐస్‌గేట్ అనే వ్యవస్థలో దాఖలు చేయిస్తాడు. కాని సరుకును చూసి, ‘పోవచ్చు’ అని అధికారి ఉత్తర్వు ఇవ్వవలసినది కాగితంలో పేర్కొన్న స్టేషన్‌లోనే. కాగితం లారీ కంటె ముందు ప్రయాణం చేయగలదు, అనుమతి మాత్రం లారీ వచ్చేవరకు ఆగుతుంది.

పెట్రాపోల్ వద్ద లారీ నడక

ఓడ ద్వారా, విమానం ద్వారా పోయే సరుకుకు దాఖలు చేసేది షిప్పింగ్ బిల్లు. భూమార్గాన పోయే సరుకుకు దానికి బదులు ‘బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్’ అనే పత్రాన్ని 50వ సెక్షన్ నిర్దేశించింది. వాడుకలో రెండింటినీ షిప్పింగ్ బిల్లు అనే అంటారు. ఇందులో ఎగుమతిదారు కోడు, సరుకు వివరం, విలువ, కొనుగోలుదారు, బ్యాంకు కోడు, స్టేషన్ కోడు ఉంటాయి. పెట్రాపోల్ కోడు ‘ఐఎన్‌పీటీపీబీ’. ఆరు అక్షరాలే అయినా పత్రం మొత్తంలో జాగ్రత్తగా చూడవలసిన గడి ఇదే. ఒక స్టేషన్ పేరుతో దాఖలు చేసిన బిల్లును పట్టుకొని మరొక స్టేషన్‌లో దాటలేము. మొదటి బిల్లు రద్దు చేయించి, రెండవచోట కొత్తగా దాఖలు చేయవలెను.

మిర్చి వంటి పంటకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అవసరం. సార్క్ దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద కొనుగోలుదారు సుంకంలో రాయితీ కోరితే, సరుకు మన దేశంలో పండినదేనన్న మూల ధ్రువపత్రం కూడా జతపడాలి. ఇవి బయలుదేరేముందే సిద్ధంగా ఉండాలని వేరుగా చెప్పనక్కరలేదు. అయినా లారీ బాలేశ్వర్ దాటిన తరువాత వీటికోసం ఫోనులు మొదలయ్యే సందర్భాలు లేకపోలేదు.

బన్‌గావ్ చేరిన లారీ నేరుగా గేటుకు పోలేదు. పూర్వం పట్టణంలోని పార్కింగు స్థలాలలో రోజులూ వారాలూ వరుసలో నిలబడవలసి వచ్చేది. ఆ వరుసను ఎవరు ముందుకు జరుపుతారు, ఎందుకు జరుపుతారు అన్నది సరిహద్దు వ్యాపారంలో అందరికీ తెలిసిన బాధే. 2022లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ‘సువిధ’ అనే పేరుతో ఎగుమతి లారీలకు ముందుగా రుసుము చెల్లించి సమయం కేటాయించుకొనే కంప్యూటరు పద్ధతిని ప్రవేశపెట్టింది. దీనివల్ల నిరీక్షణ తగ్గింది గాని, ఖర్చుల పట్టికలో ఒక కొత్త పద్దు చేరింది. కిరాయి మాట్లాడుకొనేటప్పుడు ఆ పద్దు ఎవరిదో తేల్చుకొనడం మంచిది.

తన సమయం రాగానే లారీ ఆవరణలోకి వెళ్ళి కాటా మీద నిలుస్తుంది. బరువు బిల్లులో రాసినదానితో సరిపోవాలి. ఎండు మిర్చి గాలిలోని తేమను బట్టి కొద్దిగా బరువు మారే సరుకు కనుక, బయలుదేరేటప్పటి కాటా చీటీని భద్రంగా ఉంచవలెను. ప్రతి లారీనీ విప్పి చూడరు. ఏ సరుకును తనిఖీ చేయాలో కంప్యూటరు ఎంపిక చేస్తుంది. అన్నీ సక్రమమని తోచినప్పుడు 51వ సెక్షన్ కింద అధికారి ‘లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్’ ఇస్తాడు. వ్యాపారులు దీనిని ఎల్‌ఇఓ అంటారు. ఈ మూడు అక్షరాలను గుర్తుంచుకొనగలరు, ముందు వీటితో చాలా పని ఉన్నది.

ఆ తరువాత డ్రైవరు, క్లీనరు ‘కార్ పాస్’ తీసుకొని సున్నా రేఖ దాటి బేనాపోల్ యార్డుకు పోతారు. మన లారీ ఢాకాకు పోదు. అక్కడి యార్డులో సరుకు దించడమో, బంగ్లాదేశ్ లారీలోకి మార్చడమో జరుగుతుంది. మన లారీ ఖాళీగా తిరిగి వస్తుంది. బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ దేశాలు 2015 జూన్ 15న థింపూలో మోటారు వాహనాల ఒప్పందం మీద సంతకాలు చేశాయి. లారీ ఒక దేశం నుండి మరొక దేశంలోకి సరుకు మార్చకుండా పోగలగాలన్నదే దాని ఆశయం. భూటాన్ ధ్రువీకరణ నిలిచిపోయి, మిగిలిన దేశాల మధ్య వివరాలు తేలక, మిర్చి లారీకి సంబంధించినంతవరకు పాత పద్ధతే నడుస్తున్నది.

అవతలి వైపు మరొక అనుమతి ఉన్నది. కొనుగోలుదారు తన దేశపు కస్టమ్స్ వద్ద దిగుమతి పత్రం దాఖలు చేసి, సుంకం కట్టి సరుకు విడిపించుకొనాలి. అంటే ఒకే సరుకు కొద్ది వందల గజాల దూరంలో రెండు అనుమతులు పొందుతుంది. మన వైపు అనుమతి దొరికినా, అవతల యార్డు నిండి ఉంటే, లేదా వారి బ్యాంకు కాగితాలు రాకపోతే, లారీ బేనాపోల్‌లోనే చిక్కుకొనవచ్చు. మన దుర్గాపూజ సెలవులూ, వారి ఈద్ సెలవులూ రెండూ లెక్కలోకి తీసుకొనాలి. 2024 ఆగస్టులో బంగ్లాదేశ్‌లో ప్రభుత్వం మారిన సమయంలో రవాణా కొన్ని రోజులు నిలిచింది. అదే సంవత్సరం అక్టోబరు 27న పెట్రాపోల్‌లో ‘మైత్రీ ద్వార్’ అనే కొత్త సరుకు ద్వారం ప్రారంభమైంది. గేటు వెడల్పయినంత మాత్రాన అవతలి గోడౌను పెద్దది కాదన్న సంగతి కూడా చెప్పుకొనాలి.

ఎల్‌ఇఓ పడిన తేదీ

ఎగుమతి ఎప్పుడు జరిగినట్లు? గుంటూరు యార్డులో టిక్కీలు ఎక్కించినప్పుడా, ఖరగ్‌పూర్ దాటినప్పుడా, బన్‌గావ్ వరుసలో నిలిచినప్పుడా? కస్టమ్స్ దృష్టిలో ఇవేవీ కావు. ఎగుమతి సుంకం రేటు విషయంలో చట్టంలోని 16వ సెక్షన్ స్పష్టంగా ఉన్నది. బిల్లు దాఖలైన సరుకుకు 51వ సెక్షన్ కింద అనుమతి ఉత్తర్వు ఇచ్చిన తేదీన ఏ రేటు అమలులో ఉంటే ఆ రేటే వర్తిస్తుంది.

దీని అర్థమేమిటో ఉల్లిపాయ నేర్పింది. 2020 సెప్టెంబరు 14న కేంద్రం అన్ని రకాల ఉల్లి ఎగుమతిని నిషేధించింది. అంతకుముందు కుదిరిన ఒప్పందాలకు మామూలుగా ఇచ్చే మినహాయింపు వర్తించదని కూడా ఆ ఉత్తర్వులో ఉన్నది. ఆ రోజున పెట్రాపోల్, ఘోజాడాంగా, మహదీపూర్‌ల వద్ద ఉల్లి లారీలు వరుసలు కట్టి ఉన్నాయి. కొన్ని రోజుల తరువాత కొంత సడలింపు వచ్చింది. 14వ తేదీలోగా ఎల్‌ఇఓ పొందిన సరుకును పోనిచ్చారు. వందల కిలోమీటర్లు నడిచివచ్చి, వరుసలో ముందు వెనుకలుగా నిలబడిన రెండు లారీలలో ఒకదానికి ఆ మూడు అక్షరాలు ఉన్నాయి, మరొకదానికి లేవు. ఒకటి బంగ్లాదేశ్ బజారుకు చేరింది. రెండవదానిలోని సరుకు బస్తాలలోనే మెత్తబడి, దొరికిన ధరకు అమ్ముడుపోయింది. రైతు పంటలో తేడా లేదు, వ్యాపారి నిజాయితీలో తేడా లేదు. 2023 ఆగస్టు 19న ఉల్లిపై 40 శాతం ఎగుమతి సుంకం విధించినప్పుడు కూడా వరుసలో ఉన్నవారిని బాధించినది ఈ తేదీ లెక్కే. 2025 ఏప్రిల్ 1 నుండి ఆ సుంకాన్ని తొలగించారు.

తేదీ వలెనే స్థలాన్ని కూడా ప్రభుత్వం ఒక పనిముట్టుగా వాడుతుంది. దీనికి మన కడప జిల్లా వారికే బాగా తెలిసిన ఉదాహరణ ఉన్నది. పైన చెప్పిన నిషేధం కృష్ణాపురం ఉల్లికి కూడా తగిలింది. స్థానికంగా అంతగా వాడకం లేక, ప్రధానంగా విదేశాలకే పోయే చిన్న ఉల్లి అది. 2020 అక్టోబరు 9న దానినీ బెంగుళూరు రోజ్ ఉల్లినీ ఒక్కొక్కటి 10,000 టన్నుల వరకు 2021 మార్చి 31 లోపల పంపేందుకు అనుమతించారు. అయితే కడపలోని ఉద్యానశాఖ అధికారి ధ్రువపత్రం ఉండాలి, సరుకు చెన్నై రేవు గుండా మాత్రమే పోవాలి. సరుకు అదే, దేశం అదే, మరొక రేవుకు తీసుకుపోతే అనుమతి లేదు.

2025లో రెండు దేశాల మధ్య ఇటువంటి ఉత్తర్వులు వరుసగా వచ్చాయి. ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ తన భూమార్గపు రేవుల ద్వారా మన నూలు దిగుమతిని ఆపింది. సముద్ర మార్గాన్ని ఆపలేదు. మే 17న మన ప్రభుత్వం బంగ్లాదేశ్ దుస్తులు నావా షేవా, కోల్‌కతా ఓడరేవుల గుండా మాత్రమే రావాలన్నది. ప్లాస్టిక్ సామాను, ప్రాసెస్ చేసిన ఆహారం, చెక్క సామాను వంటివి ఈశాన్య రాష్ట్రాల స్టేషన్ల గుండా, బెంగాల్‌లోని చంగ్రాబాంధా, ఫుల్‌బారీల గుండా రాకూడదన్నది. ఈ వస్తువులకు మూసివేసిన జాబితాలో పెట్రాపోల్ లేదు. వీటి వెనుక ఉన్న రాజకీయాన్ని చర్చించడం మన పని కాదు. ‘ఈ సరుకుకు అనుమతి ఉన్నదా’ అన్న ప్రశ్న సగమే. ‘ఈ సరుకుకు ఈ స్థలంలో, ఈ రోజున అనుమతి ఉన్నదా’ అన్నదే పూర్తి ప్రశ్న.

నిలిచిన లారీ, నడిచే వడ్డీ

ఖరగ్‌పూర్‌లో రెండు లారీలు నడుపుకొనే తెలుగు పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. తాతగారు శ్రీకాకుళం నుండి రైల్వే పనికి వచ్చినవారు. ఆయన ఒకసారి వాయిదా కట్టడానికి వచ్చి, ‘‘బాబూ, సరుకు వాళ్ళది, కాగితం వాళ్ళది, గేటు గవర్నమెంటుది. పదిహేను రోజులు నిలబడిపోయింది మాత్రం నా లారీ. ఆ రోజుల కిరాయి ఎవరినడగమంటారు?’’ అన్నారు. లారీ రసీదు తెప్పించి చూశాను. హాల్టింగు గురించి అందులో ఒక్క మాట కూడా లేదు. ‘‘రాయించుకోలేదు కదండీ, ఇక అడగడానికి ఆధారం ఏముంది?’’ అనవలసి వచ్చింది. ఈ సమాధానం ఆయనకు రుచించలేదు, రుచించవలసినదీ కాదు.

ఆ పదిహేను రోజుల ఖరీదు ఎంతో ఒక ఊహాలెక్క వేసి చూద్దాము. 20 టన్నుల మిర్చి, కిలో 150 రూపాయల చొప్పున 30 లక్షల రూపాయలు. దానిపై తెచ్చిన అప్పుకు సాలుకు 10 శాతం వడ్డీ అంటే రోజుకు సుమారు 822 రూపాయలు. 15 రోజులకు దాదాపు 12,330. హాల్టింగు రోజుకు 2,500 అనుకుంటే 37,500. రెండూ కలిపి 49,830 రూపాయలు. కిలోకు సుమారు రెండున్నర రూపాయలు. ఇందులో రంగు తగ్గడం, తూకం తగ్గడం, కొనుగోలుదారు బేరం తిరగదోడడం చేర్చలేదు. లారీ యజమానికి తప్పిన మరొక ట్రిప్పునూ చేర్చలేదు. ఈ రెండున్నర రూపాయలను వ్యాపారి తన జేబు నుండి ఎంతకాలమో భరించడు. మరుసటి సంవత్సరం యార్డులో టిక్కీకి పాడే పాటలోనే తగ్గించుకుంటాడు. పెట్రాపోల్ పేరు ఎన్నడూ వినని పల్నాడు రైతు ఈ విధంగా అక్కడి నిరీక్షణకు తన వాటా చెల్లిస్తాడు.

ప్రపంచ బ్యాంకు 2021లో వెలువరించిన అధ్యయనం పెట్రాపోల్–బేనాపోల్ దాటడానికి పలు రోజులు పడుతున్నదనీ, తూర్పు ఆఫ్రికాతో సహా ఇతర ప్రాంతాలలో ఇంతే రద్దీ గల సరిహద్దులలో ఆరు గంటల లోపే పడుతున్నదనీ పేర్కొన్నది. మన కంటె సంపన్నం కాని దేశాలు కూడా చేయగలిగిన పని ఇది.

ఇతర మార్గాలు

అనుమతి ఇచ్చే స్థలం గీత దగ్గరే ఉండాలన్న నియమం లేదు. సముద్ర మార్గాన పోయే కంటెయినరుకు హైదరాబాదు సనత్‌నగర్ వంటి లోతట్టు డిపోలోనే అనుమతి, సీలు దొరుకుతాయి. సీలు పడిన పెట్టెను రేవులో మళ్ళీ సాధారణంగా విప్పరు. నేపాల్ విషయంలో ఇది ఇంకా ముందుకు పోయింది. 2016లో కుదిరిన ఏర్పాటు ప్రకారం నేపాల్‌కు వచ్చే విదేశీ సరుకు మన విశాఖపట్నం రేవులో దిగి, సీలుతో రైలు మీద సరిహద్దు దాటి బీర్‌గంజ్ డిపోకు చేరుతుంది. అసలు సుంకం లెక్క అక్కడ తేలుతుంది. పెట్టె దారిలో తెరవలేదని ఎలక్ట్రానిక్ సీలు సాక్ష్యం చెబుతుంది. రోడ్డు మీద పోయే వాహనాలకు ఇదే సూత్రంతో ఉన్న టిఐఆర్ అనే అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశం 2017లో చేరింది. గోనెసంచులతో, టార్పాలిన్ పట్టాతో పోయే మన మిర్చి లారీకి ఈ సౌకర్యం అందాలంటే మొదట సరుకు మూతపడే పెట్టెలోకి మారాలి.

మిర్చి ఒకసారి ఆ పని చేసి చూపింది. 2020 మార్చి నుండి కరోనా ఆంక్షల వలన పెట్రాపోల్ రోడ్డు మార్గం కొన్ని నెలలు స్తంభించింది. గూడ్సు రైలు పెట్టాలంటే కనీసం 1,500 టన్నుల సరుకు కావాలి. అంత సరుకు ఒక్కసారిగా పోగుచేయడం చిన్న వ్యాపారులకు సాధ్యం కాదు. అప్పుడు దక్షిణ మధ్య రైల్వే గుంటూరు డివిజను 500 టన్నుల లోపు సరుకుకు పార్సిల్ రైలు ఏర్పాటు చేసింది. 2020 జూలైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుండి 16 పార్సిల్ వ్యాన్లలో 384 టన్నుల ఎండు మిర్చి బేనాపోల్ చేరింది. దేశ సరిహద్దు దాటిన మొదటి పార్సిల్ రైలు అదేనని రైల్వే ప్రకటించింది. రోడ్డు మీద టన్నుకు సుమారు 7,000 రూపాయలయ్యే ఖర్చు రైలులో 4,608 రూపాయలైందని కూడా ఆ ప్రకటనలో ఉన్నది. కిలోకు రెండు రూపాయల నలభై పైసల ఆదా. పైన మనం వేసిన నిరీక్షణ ఖరీదుతో దీనిని పోల్చి చూడగలరు, రెండూ ఇంచుమించు సమానం. అయితే రైలుకు సరుకు పోగుచేయడానికి పదిమంది కలవాలి. ఉత్పత్తిదారుల సంస్థలు ఆలోచించదగిన విషయమిది.

లోడు ఎత్తడానికి ముందు

బ్యాంకు వైపు నుండి ముఖ్యమైనది అధీకృత డీలరు కోడు. ఎగుమతి సొమ్ము ఏ బ్యాంకు శాఖ ద్వారా రావలసి ఉన్నదో ఆ శాఖ కోడును ఎగుమతిదారు ఐస్‌గేట్‌లో నమోదు చేయించాలి. ఇది ఒక్కసారి చేస్తే దేశమంతటికీ చెల్లుతుందని పొరబడేవారు ఉన్నారు. ఎగుమతి చేయదలచిన ప్రతి స్టేషన్‌కూ, ప్రతి రేవుకూ వేరువేరుగా నమోదు కావాలి. చెన్నై రేవులో పదేళ్ళుగా ఎగుమతి చేస్తున్న వ్యాపారి అయినా, పెట్రాపోల్‌లో నమోదు లేకపోతే అక్కడ ఆయన బిల్లు ముందుకు సాగదు. మీరు పెట్రాపోల్ మీదుగా పంపుతూ, రద్దీ రోజులలో ఘోజాడాంగాను కూడా వాడుకొనదలిస్తే రెండుచోట్లా ముందే నమోదు చేయించండి. బ్యాంకు నుండి తీసుకొనవలసినది ఒక ఉత్తరం మాత్రమే. లారీ బన్‌గావ్‌లో ఉండగా అదే ఉత్తరం కోసం శనివారం మధ్యాహ్నం మా శాఖ తలుపు తట్టడం కంటె, ఖాళీగా ఉన్న ఒక రోజున తీసుకొనడం ఉభయులకూ సుఖం.

కొనుగోలుదారు పంపిన లెటర్ ఆఫ్ క్రెడిట్‌లో స్థలాల పేర్లు చదవండి. పెట్రాపోల్ నుండి బేనాపోల్‌కు అని ఉంటే సరుకు భోమ్రాలో దిగకూడదు. దిగితే కాగితాలలో తేడా ఉన్నదని అవతలి బ్యాంకు సొమ్ము ఆపవచ్చు. కొనుగోలుదారు అప్పటికి సరుకు తీసుకొని ఉంటాడు కూడా. వీలైనంతవరకు రెండు స్టేషన్లకూ చెల్లే విధంగా రాయించుకొనడం, లేదా మార్చవలసి వస్తే లారీ మళ్ళించకముందే సవరణ తెప్పించుకొనడం అవసరం.

ధర ఎక్కడి వరకు అన్నది మరొకటి. ‘బేనాపోల్ చేర్చి’ అని ఒప్పుకొన్నవారు నిరీక్షణ ఖర్చు, దారి ఖర్చు తామే భరిస్తారు. ‘పెట్రాపోల్ వరకు’ అన్నవారికి బాధ్యత అక్కడితో తీరుతుంది, కాని ధర కొంత తగ్గుతుంది. ఏది మంచిదని అడిగితే, కొత్తగా ఎగుమతిలో దిగిన ఉత్పత్తిదారుల సంస్థకు రెండవదే క్షేమమని నా అభిప్రాయం. చేయి తిరిగినవారు మొదటిదానిలో లాభం చూడగలరు.

లారీ రసీదులో మూడు సంగతులు ఉండాలి: సరుకు అప్పగించే స్థలం, ఎన్ని రోజుల వరకు హాల్టింగు ఉచితం, ఆ తరువాత రోజుకు ఎంత, ఎవరు చెల్లించాలి. సువిధ రుసుము సంగతి కూడా అక్కడే రాయవచ్చు. పైన చెప్పిన ఖరగ్‌పూర్ పెద్దమనిషి ఇప్పుడు రసీదు పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేయించుకొన్నారు. బెంగాలీలోనూ తెలుగులోనూ రెండు వరుసలు అదనంగా చేర్చి, లోడు ఇచ్చేవారి సంతకం తీసుకొన్న తరువాతనే తాడు బిగిస్తున్నారు.